శనివారం లోపల సంతకం

ఆ అమ్మాయి మూడోసారి ఫోన్ పెట్టేసింది.

తప్పు ఇతనిదే. ఎనిమిదేళ్ళుగా తెర పక్కన కూర్చుని నటులకు మాట అందించే ప్రాంప్టరు. చేతిలో కాగితం ఉంటే చాలు, గొంతు దానంతటదే గుసగుసలోకి దిగిపోతుంది. చెప్పవలసిన నాలుగు ముక్కలూ కాగితం మీద రాసుకుని చదివాడు. అవతల ఆడపిల్లకు ఎవడో పోకిరీ ఫోన్లో ఊపిరి పీలుస్తున్నట్టే వినిపించింది.

ఆ రోజు గురువారం. నాటకం శనివారం. రచయిత సంతకంతో అనుమతి తేకపోతే హాలు తలుపు తీయనని మేనేజరు తేల్చేశాడు. ఆ పని డైరెక్టరు ఇతని నెత్తిన రుద్దాడు. ఆ రచయిత పేరు తెలియనివాడు లేడు, మొహం చూసినవాడు లేడు. ఉత్తరాలకు జవాబివ్వడు. ఫోన్ మనవరాలే ఎత్తుతుంది.

మధ్యాహ్నం వానలో తడుస్తూ రచయిత ఇంటికే వెళ్ళాడు. తలుపు తీసిన అమ్మాయికి ఫోన్ చేసింది తనేనని చెప్పాడు.

"మీరా? ఊపిరి పీల్చడమేనా మీ ఉద్యోగం?"

నీళ్ళు నములుతూ తన పని ఏమిటో చెప్పుకున్నాడు. ఆమె నవ్వు ఆపుకుంది గాని గుమ్మం వదల్లేదు. తడిసిన చెప్పుల దగ్గర మొదలైన ఆమె చూపు తీరిగ్గా మొహం దాకా వచ్చింది. ఒక్క క్షణం హాలు సంగతే మరిచిపోయాడు. మరిచిపోయినందుకు ఇంకా భయం వేసింది.

నిరుడు ఎవరో ఇదే నాటకం చివర కోసేసి ఆడారట. తాతయ్య రెండు రోజులు ఎవరితోనూ మాట్లాడలేదట.

"మీరెంత కోశారు?"

కోశారు. నాటకం చివర ముసలివాడు చచ్చిపోయిన పెళ్ళాంతో మాట్లాడే ఘట్టం డైరెక్టరు కొట్టేశాడు, జనం లేచిపోతారని. ఒక్క అబద్ధమాడితే సంతకం దొరుకుతుంది. ఆమె కళ్ళు తన మీదే ఉన్నాయి.

"రెండు పేజీలండీ," అన్నాడు.

లోపల కుర్చీ జరిగింది. ముసలి రచయిత గోడ పట్టుకుంటూ వచ్చాడు.

"ఆ రెండు పేజీలూ మా ఆవిడకి చెప్పాల్సినవి. ఉన్నన్నాళ్ళూ చెప్పలేదు. పోయాక ఇంకొకడి నోట చెప్పించాను. పిరికి పని. అదీ కోసేస్తే నేను రాసిందేముంది? వెళ్ళు బాబూ."

క్షమించవలసిన మనిషి పోయాక ఎన్ని పేజీలు రాసినా అంతే. ఆ సంగతి ఆయనకూ తెలుసు.

ఇతను కదల్లేదు. మా నటులకు ఒక్క ముక్క నోటికి రాదు, నేనేది అందిస్తే అదే పలుకుతారు, శనివారం రెండు పేజీలూ అందిస్తాను, డైరెక్టరు వచ్చి పీక పట్టుకున్నా ఆపను అన్నాడు.

"తర్వాత నీ గతి?"

"వెళ్ళగొడతారండీ."

ముసలాయన అనుమతి కాగితం ఇమ్మన్నాడు. మనవరాల్ని పెన్ను తెమ్మన్నాడు. సంతకం సగంలో చెయ్యి ఆగింది. చెయ్యి మళ్ళీ కదిలింది.

ఆమె మెట్ల దాకా వచ్చింది. కాగితం చొక్కా లోపల దాచుకున్నాడు. ఇంక వెళ్ళాలి, కాళ్ళు కదలవు. చెప్పకుండా దాచుకున్న మాట మనిషిని ఏం చేస్తుందో ఇప్పుడే కళ్ళారా చూశాడు.

"ఆదివారం నుంచి నాకు పని ఉండదు. మిమ్మల్ని చూడ్డానికి రావాలనుంది. రావొచ్చా?"

ఆమె వాన వంక చూసింది.

"శనివారం మొదటి వరసలో కూర్చుంటాను. ఒక్క వాక్యం తగ్గినా ఈ గడప తొక్కకండి."

"తగ్గకపోతే?"

"తాతయ్య ఆదివారం తొమ్మిదింటికి లేస్తారు," అంది. "మీరు ఎనిమిదింటికి రండి."