వెళ్ళొస్తామన్నవాళ్ళ వాటా

కంప్యూటరుకు కరెంటు సరిచేసి అందించే ఎస్‌ఎంపీఎస్ పెట్టెల్లో మూడోది కూడా చేతులెత్తేసింది. తుఫాను హెచ్చరికల కేంద్రం నడిపే హైమ లోడ్ ఒక్కసారిగా పెంచగానే వోల్టేజీ జారిపోయి, డెస్క్‌టాప్ ఠక్కున రీస్టార్ట్ అయింది. గవ్వలపేట తీరానికి తుఫాను ఎటు మళ్ళుతుందో లెక్కగట్టేది ఆ ఒక్క కంప్యూటరే. మధ్యలో ఆగితే లెక్క మళ్ళీ మొదటికొస్తుంది, సముద్రంలో పడవలకు కబురు అందదు. డబ్బా మీద వాట్లు గొప్పగా రాసుకున్నంత మాత్రాన ఒరిగేదేమీ లేదని హైమకు బాగా తెలిసొచ్చింది.

"నేను చేసింది పెట్టి చూడండి," అన్నారు శాస్త్రవేత్త పరాంకుశం.

ఏ పవర్ సప్లై అయినా తీసుకున్న కరెంటులో కొంత వేడిగా పారబోస్తుంది. ఎంత లోడ్ రాబోతోందో ముందే తెలిస్తే ఆ వృథా దాదాపు ఉండదు. అందుకే పరాంకుశం గారి పెట్టె గదిలో మాటలు వింటుంది. ఎవరైనా తిరిగొస్తానంటే, వచ్చి మళ్ళీ తెర ముందు కూర్చుంటారని, వాళ్ళ కోసం లోపలి బ్యాటరీలో ఒక వాటా తాళం వేసి ఉంచుతుంది. హైమ దాన్ని పెట్టని తిప్పలు లేవు. వోల్టేజీ చెక్కుచెదరలేదు. ఇక ఆలోచించకుండా బిగించేసింది.

కొన్నాళ్ళకు తుఫాను లేచింది. ఊరంతా కరెంటు పోయింది. లెక్క సగంలో ఉండగానే బ్యాటరీ అయిపోవస్తోందని తెర మీద ఎర్రగా వచ్చింది.

"నిండుగా ఛార్జయింది కదండీ!" అంది హైమ.

పరాంకుశం పెట్టె మీది అంకెలు చూశారు. "సగానికి పైగా తాళంలో ఉంది. తిరిగొస్తామన్నవాళ్ళు చాలామంది ఉన్నారు."

పొద్దున ఇక్కడికొచ్చి వాతావరణం కబురు విని వేటకెళ్ళిన ప్రతివాడూ గుమ్మంలో "ఎల్లొత్తాం అమ్మగారూ" అనే వెళ్ళాడు. మన దగ్గర గడప దాటే మనిషి పోతాననడు. సముద్రం మీదికెళ్ళేవాడు అసలే అనడు. అలవాటుగా అన్న మాటను పెట్టె అక్షరాలా నమ్మి కూర్చుంది.

"విప్పేసి తీయండి," అంది హైమ.

"విప్పితే లెక్క ఆగిపోతుంది. పేరు పెట్టి, ఈ మనిషి ఇక రాడని దానికి చెప్పాలి. వేరే దారి పెట్టలేదు." తెలుగువాడై ఉండి ఆయనకు ఆ ముక్క ముందే తట్టకపోవడం చోద్యం!

మగవాళ్ళ కబురు కోసం వచ్చి గోడవారన కూర్చున్న ఆడవాళ్ళలోంచి పోలిరాజు భార్య నూకాలమ్మ ఒక్క ఉదుటున లేచింది. "ఒద్దమ్మగారూ! ఆ మాటనకండి. మా ఆయన నీళ్ళ మీదున్నాడండీ!"

"అనకపోతే నిజంగానే రాడు నూకాలమ్మా," అంది హైమ. పెట్టె వైపు తిరిగి, "పోలిరాజు ఇక రాడు," అంది. తర్వాత ఒక్కొక్కరి పేరూ చెప్పింది. వెనక ఏడుపులు వినిపిస్తున్నా ఆగలేదు.

తాళాలు ఊడాయి. లెక్క పూర్తయింది. ఏరు సముద్రంలో కలిసే ఉత్తరపు మొగలోంచి లోపలికి వచ్చెయ్యమని వైర్‌లెస్‌లో కబురు వెళ్ళింది. పొద్దు గూకేలోపు పడవలన్నీ ఒడ్డు చేరాయి.

పోలిరాజు తడిబట్టలతోనే వచ్చి దణ్ణం పెట్టాడు. నూకాలమ్మ గుమ్మం బయటే నిలబడింది. "మా ఆయన్ని బతికించారు, కాదన్ను. కానీ ఆ మాట మీ నోట ఇన్నానండి," అని మొగుడి చెయ్యి పట్టుకుని తీసుకుపోయింది.

ఇప్పటికీ గవ్వలపేట వాళ్ళు తుఫాను కబురుకు హైమ దగ్గరికే వస్తారు. విని, పెదవి విప్పకుండా లేచి వెళ్ళిపోతారు. పెట్టెకు ఎవరి కోసమూ కాచుకునే పని లేదు, బ్యాటరీ ఎప్పుడూ నిండుగానే ఉంటోంది. ఆ అంకెలు చూసి పరాంకుశం గారు మురిసిపోతున్నారు. హైమ మాత్రం రోజూ వాళ్ళ వెనకాలే గుమ్మం దాకా వెళ్ళి, "వెళ్ళొస్తామని చెప్పి వెళ్ళండయ్యా," అని అడుగుతూనే ఉంది.