నీటిచుక్క మీద ఫిర్యాదు

తలుపు కొట్టిన తీరులోనే తగువు ఉంది.

మూడో అంతస్తులో ఒక్కడే ఉంటున్న ఫోటోగ్రాఫర్ తలుపు తీసేసరికి, ఎదురుగా కింది ఫ్లాట్ అమ్మాయి. చేతిలో ఫోను. అందులో పోలీసుల నంబరు నొక్కి పెట్టుకునే వచ్చింది.

"లోపల ఎవరున్నారు?"

"నేనేనండీ."

"మీరు కాకుండా?"

"ఎవరూ లేరు."

ఆమె నమ్మలేదు. అతన్ని నెట్టినంత పని చేసి లోపలికి వచ్చేసింది.

ఆమె తప్పేం లేదు. రెండు ఫ్లాట్ల స్నానాల గదులకూ గాలి సందు ఒక్కటే. ఆ సెలవు రోజు మధ్యాహ్నమంతా అందులోంచి ఒక మగగొంతు ఆమెకు వినపడుతూనే ఉంది. ఆగు. ఇంకాస్త ఆగు. ఊఁ, ఇప్పుడు పడు. ఛ, ఎన్నిసార్లు చెప్పాలి నీకు? ఒక్కసారి నా మాట విను. ఆ వెంటనే వెంటిలేటర్‌లో తెల్లటి మెరుపు. ఎవరో ఆడపిల్లను లోపల పెట్టి ఫోటోలు తీస్తున్నాడనుకుంది. ఇలాంటివి వినపడితే టీవీ సౌండు పెంచుకునే మనుషులే ఎక్కువ. ఆమె ఆ రకం కాదు.

స్నానాల గదిలో చూస్తే బోర్లించిన బకెట్ మీద నల్లటి ట్రే, అంచుదాకా నీళ్లు. పైన బట్టలారేసే తీగకు వేలాడుతున్న ప్లాస్టిక్ సంచి, దానికి సూది బెజ్జం. ఎదురుగా స్టాండు మీద కెమెరా, పక్కన ఫ్లాష్. సంచిలోంచి ఒక చుక్క జారి టప్పుమని ట్రేలో పడింది.

"మరి ఇంతసేపూ ఎవర్ని తిట్టారు?"

అతను ట్రే వైపు చూపించాడు.

ఆమె నీళ్లను చూసింది, అతన్ని చూసింది, ఫోనులో నంబరు చెరిపేసింది. "ఎవరూ లేరు కాబట్టి సరిపోయింది," అని వెళ్లిపోయింది.

ఆ మాట అతని చెవిలో చాలా రోజులు ఉండిపోయింది.

ఒంటరితనం గురించి గొప్పగా రాసేవాళ్లను పట్టుకుని అలాంటి ఫ్లాట్‌లో ఒక నెల పడెయ్యాలి. అందులో కవిత్వం ఏమీ లేదు, గొంతు తుప్పు పడుతుందంతే. అతను పగలంతా కేటలాగుల కోసం మగ్గులూ కుళాయిలూ సబ్బుపెట్టెలూ ఫోటోలు తీస్తాడు. వాటితో మాటలేం ఉంటాయి? ఒకసారి షాపులో బ్లేడు అడగబోతే మాట పెగల్లేదు. ఆ రోజు భయం వేసింది. ఇంటికొచ్చి చుక్కల్ని తీయడం, తీస్తూ వాటితో మాట్లాడటం అప్పుడే మొదలైంది.

తర్వాతి సెలవుకి ఆమె మళ్లీ వచ్చింది. ఈసారి మెల్లగా కొట్టింది. పోలీసుల దాకా పోబోయినందుకు ఏమనుకోవద్దంది. తన ఉద్యోగం నీటి సరఫరా ఆఫీసులో, ఫిర్యాదుల ఫోను దగ్గరంది. పొద్దున్నుంచీ నీళ్లు రావట్లేదని ఊరంతా తనను తిడుతుందనీ, సాయంత్రం తిన్నావా అని అడిగే దిక్కు మాత్రం లేదనీ నవ్వుతూనే చెప్పింది. నవ్వు మధ్యలో ఆగిపోయింది. అది చూసి అతను కుర్చీ జరిపాడు.

అతను పని చూపించాడు. ఫ్లాష్ పవర్ ఎంత తగ్గిస్తే వెలుగు అంత తక్కువసేపు ఉంటుంది, ఆ లిప్తపాటు వెలుగులోనే చుక్క కదలకుండా దొరుకుతుంది. చుక్క పడే చోట ముందు ఏదో ఒకటి నిలబెట్టి, దాని మీద ఫోకస్ పెట్టుకున్నాక దాన్ని తీసెయ్యాలి. ఒక్కడికి చేతులు చాలవు. ఆమె వేలు పెట్టింది. చుక్క వచ్చి గోరు మీద పడి చిట్లింది.

"కొంచెం ఎడమకండీ."

"ఇందాక కుడికన్నారు."

"ఇంకొంచెం."

"చుక్కలాయనా, నా వేలు నానిపోతోంది. నిజంగానే ఇంత టైం పడుతుందా?"

పట్టదు. అతను లెన్సు తిప్పడం ఎప్పుడో ఆపేశాడు.

అప్పట్నుంచి ప్రతి సెలవుకీ వచ్చేది. వేలు పెట్టేది, మూలన స్టూలు మీద కూర్చునేది. ఆమె ఉంటే అతని నోరు మూతపడేది. ఆమెకొచ్చేవల్లా అండీలూ గారూలే. ఒకరోజు ఆమె అననే అంది, నీళ్లతో ఉన్న చనువు కూడా నాతో లేదన్నమాట అని. అతను వినపడనట్టు బ్యాటరీలు మార్చాడు. పిరికితనానికి మర్యాద అని పేరు పెట్టుకునే మగాళ్లు చాలామంది ఉన్నారు, వీడూ అందులో ఒకడు.

చివరికి ఒక ఫోటో కుదిరింది. చుక్క పడిన చోట నీళ్లు కిరీటంలా లేచాయి, కొసన ఒక్కో ముత్యం. ఇలాంటిది ఒక మనిషికి చూపించాలని అతను ఎన్నాళ్లుగానో ఎదురుచూస్తున్నాడు. కెమెరా ఆమె చేతికిచ్చాడు.

ఆమె చాలాసేపు చూసింది. "బాగుంది. కానీ గాజుతో చేసినట్టుంది. నీళ్లంటే కదలాలి కదా."

అతనికి ఎక్కడో గట్టిగా తగిలింది.

"పొద్దస్తమానం ఫిర్యాదులు వినీ వినీ మీకదే అలవాటైపోయింది. ఇంకో మాట రాదు మీకు," అన్నాడు.

ఆమె కెమెరాను జాగ్రత్తగా స్టూలు మీద పెట్టింది. తడివేలు చున్నీకి తుడుచుకుని వెళ్లిపోయింది. తలుపు విసురుగా వేసినా బాగుండేది. చప్పుడు కాకుండా దగ్గరికి వేసింది.

ఆ తర్వాత సెలవులు వచ్చాయి, పోయాయి. ఇప్పుడు చుక్కలతో మాట్లాడటానికీ లేదు, ఆ సందులోంచి కిందికి వినపడుతుంది. నోరు తెరిచి మూసేవాడు. చుక్క పడేది, ఫ్లాష్ వెలిగేది. కింద ఆమె ఇంట్లో గిన్నె చప్పుడు. ఇద్దరి మధ్యా ఒక్క శ్లాబు. ఆ శ్లాబుకి అటూ ఇటూ ఇద్దరూ నోళ్లు కుట్టేసుకుని కూర్చున్నారు.

మెట్లు దిగి తలుపు తట్టొచ్చు. రెండుసార్లు దిగాడు, చెయ్యెత్తాడు, దింపాడు, ఎక్కి వచ్చేశాడు. ఎదురుగా నిలబడి చెప్పలేనిది ఫోనులో చెప్పొచ్చని, ఫిర్యాదుల నంబరుకి చేశాడు.

అక్కడే చిక్కొచ్చింది. ఆ నంబరుకి చేస్తే ఎవరు ఎత్తితే వాళ్లతోనే మాట్లాడాలి. ఒకసారి ఒక ముసలాయన ఎత్తాడు. సమస్య ఏంటి బాబూ అన్నాడు. గాభరాలో ఇతను, కుళాయి సన్నగా వస్తోందన్నాడు. మర్నాడు ఇంకెవరో హడావుడి గొంతు. నీళ్లు ఎర్రగా వస్తున్నాయన్నాడు. ఆ మర్నాడు పైపులో చప్పుడన్నాడు. నిజంగా నీళ్లు లేనివాళ్లు గొంతు చించుకున్నా కదలని ఆఫీసు ఈసారి కదిలింది. పలుగులూ పారలూ వేసుకుని మనుషులొచ్చి, బిల్డింగ్ ముందు గొయ్యి తవ్వి, కనెక్షన్ ఆపేసి, ఏ లోపమూ దొరక్క మూసేసి పోయారు. ఆ రోజంతా బిల్డింగ్‌లో చుక్క నీరు లేదు. ఆ ఫిర్యాదు చేసిన దరిద్రుడెవడో అని మెట్ల మీద అందరూ తిడుతుంటే, అతనూ పక్కన నిలబడి అవునవును అన్నాడు.

మర్నాడు మధ్యాహ్నం, తెల్ల గుడ్డ మీద మగ్గు పెట్టి ఫోటో తీస్తుండగా ఫోను మోగింది.

"నమస్కారం. నీటి సరఫరా ఫిర్యాదుల విభాగం నుంచి మాట్లాడుతున్నాం. మూడో అంతస్తు నుంచి వచ్చిన ఫిర్యాదుల గురించి. సమస్య పరిష్కారమైందా అండీ?"

ఆ గొంతే. ఆఫీసు గొంతు కింద అసలు గొంతు తెలుస్తూనే ఉంది.

"కాలేదు," అన్నాడు.

"మా వాళ్లు లోపం ఏమీ లేదని రాశారు. నీళ్లు రావట్లేదా?"

అతను మగ్గు వైపు చూశాడు. గొంతు పెగల్చుకున్నాడు.

"నీళ్లు బాగానే వస్తున్నాయి. మనిషే రావడం లేదు."

అటువైపు ఎవరెవరివో ఫోన్లు మోగుతున్నాయి.

"ఈ కాల్ రికార్డవుతుందండీ," అంది ఆమె, బాగా కిందికి దిగిన గొంతుతో.

"అవనివ్వండి. ఆ రోజు నేనన్నది తప్పు. నాతో మాట్లాడే మనిషి ఒక్కరు దొరికితే ఆ నోరే నొక్కేశాను. మీరు లేకపోతే ఆ గదిలోకి వెళ్లబుద్ధి కావట్లేదు. మీరంటే నాకు ఇష్టం. ఇది కూడా రాసుకోండి."

కట్ చేసిందేమోనని అతను ఫోను చూసుకున్నాడు. చెయ్యలేదు.

"మీ ఫిర్యాదు నమోదైంది," అంది. "సాయంత్రం మనిషి వస్తారు. ఇంట్లో ఉండండి."

సాయంత్రం ఆమే వచ్చింది. అతను ఆమె వచ్చేలోపు తీసిన కొత్త ఫోటో చూపించాడు. ఈసారి పక్కన దీపం వెలిగించి ఉంచి, షట్టర్ తెరిచి ఉంచి, ఫ్లాష్‌ను ఆఖరున కొట్టాడు. సంచి దగ్గర్నుంచి నీటిదాకా చుక్క వచ్చిన దారంతా సన్నటి గీతలా పడింది, కొసన చుక్క.

"ఎక్కణ్నుంచి వచ్చిందో తెలుస్తోంది," అంది. చూస్తూ చూస్తూ కళ్లు తుడుచుకుంది. పొద్దున్నుంచీ తిట్లే తిన్నానంది, ఆకలేస్తోందంది.

అతను గబగబా వంటగదిలోకి వెళ్లాడు. అన్నం ఉంది, కూర ఉంది. అలమర తీసి అలాగే నిలబడిపోయాడు. కంచం ఒక్కటే ఉంది. ఇంకొకటి కొనాల్సిన అవసరం ఆ ఇంట్లో ఎప్పుడూ రాలేదు.

ఆమె వెనకాలే వచ్చి, అతని భుజం మీదుగా అలమరలోకి చూసింది. మెట్ల వైపు నడిచింది.

"నాది తెచ్చుకుంటా," అంది వెనక్కి తిరక్కుండానే. "తలుపు వెయ్యకు."