మిషనక్క మీద కేసు

పాలావిడ గిన్నెలో పాలు పోసే ముందు ఎదురింటి మనిషినీ, దారిన పోతున్న పేపరతన్నీ పిలిచి నిలబెట్టింది. లీటరు డబ్బా ఎత్తి ఇద్దరికీ చూపించి, ఆ తర్వాతే వంచింది. "ఏమనుకోకమ్మా, పక్కన సాక్ష్యం లేకపోతే మీ గిన్నెలో పొయ్యడానికి నా చెయ్యి రావట్లేదు" అని నవ్వకుండానే చెప్పి వెళ్లిపోయింది. ఇల్లాలు ఏమనుకుంటుంది? కొలత తగ్గిందని పోయినేడాది పాలావిడకు కోర్టు నోటీసు వెళ్లింది ఈ ఇంటి నుంచే.

ఆమె భర్త కోర్టులో ముప్పై ఏళ్లు టైపిస్టుగా చేసి రిటైరయ్యాడు. జనం తగాదాలన్నీ టైపు కొట్టీ కొట్టీ చెవులు మందగించాయి కానీ, చేతుల దురద మాత్రం తీరలేదు. వీధివాళ్లు ఆయనకు పిటిషన్ మాస్టారని పేరు పెట్టారు. గడ్డం గీస్తూ గాటు పెట్టాడని మంగలి మీద ఒక కేసు, పక్కింటి నీళ్లు తన గోడ మీద చిందాయని ఒకటి, అడిగి పట్టుకెళ్లిన నిచ్చెన తిరిగివ్వలేదని సాక్షాత్తూ వియ్యంకుడి మీద ఒకటి. ఆ నిచ్చెన దెబ్బకు కూతురు పుట్టింటి గుమ్మం ఎక్కడం మానేసింది. ఇల్లాలు ఎవరినైనా పలకరిస్తే, వాళ్లు ఆచితూచి రెండు ముక్కలు విదిల్చి తప్పుకునేవారు. ఏ మాట పోయి ఏ కాగితంలోకి ఎక్కుతుందోనని వాళ్ల భయం.

మిగిలింది మిషనక్క ఒక్కతే. పక్క వాటాలో బట్టలు కుట్టుకునే మనిషి. మధ్యాహ్నం వంటిల్లు సర్దుకుని ఇల్లాలు ఆమె దగ్గర చేరేది. గుండీలు కుట్టి పెడుతూ, మోకాళ్ల నొప్పి దగ్గర మొదలుపెట్టి లోకమంతా చుట్టి వచ్చేవారు ఇద్దరూ. అలాంటిది నెల రోజులుగా ఆ తలుపు మూసే ఉంటోంది. మిషను చప్పుడు లేదు. తడితే "పనుంది వదినా" అని లోపల్నుంచే జవాబు. ఏ మాట ఎక్కడ తూలానా అని ఇల్లాలు తనలో తనే వెతుక్కుంటోంది.

ఆ ఉదయం కాఫీ తాగుతూ భర్త కబురు చల్లగా చెప్పాడు. మర్నాడు పదిన్నరకల్లా ఇద్దరూ కోర్టులో ఉండాలట. జడ్జిగారు అడిగితే మిషను మోతకు కంటి మీద కునుకు లేదనీ, గుండె దడ వస్తోందనీ చెప్పాలట. అంతకు మించి నోరు తెరవకూడదట.

"ఏ మిషను?" ఆమె గట్టిగా అడిగింది. ఆయన్ను ఏది అడిగినా గట్టిగానే అడగాలి.

ఆయన ఒక కాగితం ముందుకు తోశాడు. నిద్ర లేక ఆరోగ్యం చెడిన ఫిర్యాదీగా పైన ఆమె పేరు. మోత ఆపవలసిన ప్రతివాదిగా మిషనక్క. అడుగున ఆమె సంతకం. పెన్షన్ కాగితమని చెప్పి పోయిన నెల పెట్టించుకున్నది.

"నా పేరెందుకు పెట్టారు?"

"నా పేరు పెడితే, చెవిటివాడికి మోతేమిటయ్యా అని అవతలి లాయరు మొదటి ప్రశ్నకే పడగొడతాడు." తెలివైన పని చేశానన్న సంబరం ఆయన గొంతులో ఇంకా ఉంది.

ఆమె కప్పు కింద పెట్టింది. "మీరు ఇంటికి తెచ్చుకున్న కాగితాలన్నీ ఈ గదిలోనే టైపు కొట్టారు. ఆ టకటకల్లోనే పిల్లను జోకొట్టాను. ఒక్కనాడు విసుక్కున్నానా? ఆవిడ మిషను ఆగాకే నాకు నిద్ర పట్టట్లేదండీ. ఈ వీధిలో నాతో మాట్లాడే ప్రాణి అదొక్కతే. దాన్ని కూడా నా చేతి సంతకంతోనే తరిమేశారు."

అందులో సగమైనా ఆయనకు వినబడిందో లేదో. ఆమె ముఖం మాత్రం చూశాడు. ఎప్పుడూ సెక్షన్లు వల్లించే మనిషి, ఈసారి కిటికీ వైపు తిరిగాడు.

"మధ్యాహ్నం పూట నువ్వక్కడ నవ్వుతుంటావు. ఇక్కణ్ణుంచి కనబడుతుంది. వినబడదు. నాకు రెండోసారి చెప్పాల్సి వస్తుందని నువ్వు చెప్పడమే మానేసి ఎన్నేళ్లయింది? కోర్టులో అయితే నా పేరు పిలుస్తారు. నేను లేచేదాకా పిలుస్తారు."

'ఏం లేదులెండి' అని తాను ఎన్నిసార్లు చేత్తో కొట్టిపారేసిందో ఆమెకు ఒక్కొక్కటీ గుర్తుకొచ్చింది. "నాదీ తప్పే. దానికి ఆవిడ పొట్ట కొడతారా?"

ఆయన కాగితం మడిచి ఆమె చేతిలో పెట్టాడు.

మర్నాడు కోర్టులో ఆమె ఉన్నదున్నట్టు చెప్పింది. చదవకుండా సంతకం పెట్టాననీ, తనకు ఏ మోతతోనూ పేచీ లేదనీ, కేసు తీసేయమనీ అడిగింది. జడ్జిగారు కళ్లద్దాల మీదుగా భర్తను చూశారు. ఆయన లేచి, ఎవరూ అడగకుండానే, పొరపాటు తనదని ఒప్పుకున్నాడు.

బయట మెట్ల మీద ఆమె మిషనక్క చెయ్యి పట్టుకుంది. "కేసు పోయిందిగా. ఇక పని మొదలుపెట్టుకో."

"బజారు వెనక గది చూసుకున్నా వదినా. ఆదివారం మారిపోతున్నా. నీ మీద కోపం లేదు. కానీ మీ పక్క వాటాలో మిషను ముందు కూర్చుంటే ఎవరో చెవి ఒగ్గి వింటున్నట్టే ఉంటోంది. కాలు ఆడట్లేదు." మిషనక్క మెల్లగా చెయ్యి విడిపించుకుని వెళ్లిపోయింది.

ఆదివారం బండి వచ్చింది. మిషను ఎత్తబోతుంటే భర్త ఒక చెయ్యి వేయబోయాడు. "వద్దులే అన్నయ్యా" అంది మిషనక్క, మర్యాదగానే. బండి మలుపు తిరిగాక వీధిలో ఎవరి తలుపు వాళ్లు వేసుకున్నారు.

ఆ మధ్యాహ్నం ఏం చేయాలో తోచక ఇల్లాలు ఉత్త చేతులతో కూర్చుంది. ఆయన కుర్చీ లాక్కుని పక్కకు వచ్చాడు.

"దేనికి అంతలా నవ్వేవాళ్లు మీరు?"

ఆమె ఆయన చెవి దగ్గరకు వంగింది. ఒకాయన నెలనెలా ప్యాంటు నడుము వదులు చేయించుకుంటూ, నీ దారం మంచిది కాదు, బట్టను లాగేస్తోందని మిషనక్కను దబాయించేవాడట. పొట్ట బిగబట్టి ఊపిరాడక ఆయన పడే పాట్లన్నీ మిషనక్క చేసి చూపించేదట. సగం చెప్పేసరికి ఆమె చూపు పక్క వాటా వైపు పోయింది, కళ్లు నిండాయి. చేసి చూపించే మనిషి ఇక పక్కింట్లో లేదు.

"సగమే వినబడింది" అన్నాడాయన. "మళ్లీ చెప్పు."

ఆమె కళ్లు తుడుచుకుని, ఇంకాస్త దగ్గరకు జరిగి, మొదట్నుంచి మొదలుపెట్టింది.