మళ్ళీ అడిగేవాళ్ళు

నర్సు వచ్చే రోజంటే పెద్దాయనకి ఇంట్లో పెళ్ళన్నంత హడావుడి. తెల్లారకముందే లేచి, గడ్డం గీసుకుని, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, వీధి తలుపుకి ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చుంటారు. ఇంతా చేసి ఆ పిల్ల వచ్చేది బీపీ చూసి పోవడానికి.

"ముందు కాఫీ తాగు నాన్నా. ఆ అమ్మాయి రావడానికి ఇంకా బోలెడు టైముంది," అంది చిట్టి. ఆవిడకి నలభై దాటాయి, ఆఫీసులో అందరూ మేడమ్ అంటారు, తండ్రికి మాత్రం ఇప్పటికీ చిట్టే.

"ముందే వచ్చేస్తే? మీరిద్దరూ ఉద్యోగాలకి ఎగిరిపోతారు, తలుపు ఎవరు తీస్తారు?"

"మామయ్యగారూ, నా పెళ్ళికి కూడా నేనింత ముస్తాబవలేదు," అన్నాడు అల్లుడు బూట్లు తొడుక్కుంటూ.

పెద్దాయన నవ్వలేదు. ఈమధ్య ఆయన మాటా తగ్గింది, నవ్వూ తగ్గింది. చిట్టి గమనించకపోలేదు. వయసు కదా అని సరిపెట్టుకుని బ్యాగు భుజాన వేసుకుంది.

ఆవిడ ఉద్యోగం ఊరి ఆరోగ్య కార్యాలయంలో. ముసలివాళ్ళ బాగోగులు రాసిపెట్టే కొత్త కంప్యూటర్ పద్ధతిని నర్సులకీ డాక్టర్లకీ నేర్పేది ఆవిడే. ఇదివరకు ఎవరి కాగితాలు వాళ్ళవి. నర్సు వచ్చి అడిగిందే ఫిజియోథెరపీ అబ్బాయి వచ్చి అడిగేవాడు, మందుల మనిషి వచ్చి మళ్ళీ అడిగేది. ఏం పని చేసేవారు, ఎవరితో ఉంటున్నారు, మెట్లెక్కగలరా, నిద్ర పడుతోందా? పాపం, చెప్పి చెప్పి పెద్దవాళ్ళ నోళ్ళు నొప్పి పుట్టేవి. ఇప్పుడు ఒకరు ట్యాబ్‌లో ఎక్కిస్తే అందరికీ కనిపిస్తుంది. చిట్టి ఎంత మురిసిపోయిందంటే, అందరికంటే ముందు సొంత తండ్రి వివరాలే ఎక్కించింది.

ఆ మధ్యాహ్నం ఆఫీసులో తెర తెరిచేసరికి తండ్రి పేరు పక్కన ఎర్ర గుర్తు. స్నానాల గదిలో పడిపోయారు, పగలంతా ఒంటరిగా ఉంటున్నారు అని నర్సు రాసింది. దాని కిందే, ఇలా వదిలెయ్యడం ప్రమాదమని డాక్టరు రాసేశాడు. వృద్ధుల సంరక్షణ కేంద్రంలో పడక ఖాళీ ఉంది, సోమవారం చేర్చుకుంటామని వాళ్ళూ రాసేశారు. అన్నం తిని వచ్చేలోపు నాన్న సంగతి తేలిపోయింది. చిట్టి సెలవు చెప్పి పరుగున ఇల్లు చేరింది.

పెద్దాయన అదే కుర్చీలో కూర్చుని ఉన్నారు.

"నాన్నా, ఎప్పుడు పడ్డావు? నాకెందుకు చెప్పలేదు?" అంటూ మోచేతులు తడిమింది, మోకాళ్ళు చూసింది. చిన్న గీత కూడా లేదు.

"పెద్ద దెబ్బేం కాదులే."

"ఏ పక్కకి పడ్డావు?"

"కుడి పక్కకి. కాదు కాదు, ఎడమ పక్కకి."

చిట్టి నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడింది. "నువ్వు పడలేదు."

ఆయన తల వంచుకున్నారు.

"అబద్ధం చెప్పావా! మతి పోయిందా నాన్నా నీకు? సోమవారం నిన్ను కేంద్రంలో చేర్చుకుంటారట! నేను ఆ తెర చూసి చచ్చినంత పనైంది!"

పెద్దాయన కుర్చీలోంచి సగం లేచారు. "తీసుకెళ్ళిపోతారా? నేను పోనే చిట్టీ. మీ అమ్మ తిరిగిన ఇల్లు వదిలి నేనెక్కడికీ పోను."

"మరెందుకు చెప్పావు?"

"అడుగుతారని."

"ఏమడుగుతారని?"

"ఏదో ఒకటి! ఇదివరకు వచ్చిన ప్రతి పిల్లా పక్కన కూర్చుని అడిగేది. ఏం పని చేసేవారు తాతగారూ అంటే, లిఫ్టు మెకానిక్కునమ్మా అనేవాణ్ణి. మీ ఆవిడేరీ అంటే, ఇక అక్కణ్ణుంచి అందుకునేవాణ్ణి. నలుగురొస్తే నాలుగుసార్లు మీ అమ్మ వచ్చి వెళ్ళినట్టుండేది. ఇప్పుడేమో ట్యాబ్ చూసుకుని, 'ఇందులో అన్నీ ఉన్నాయి, మీకెందుకు శ్రమ' అంటారు. శ్రమట శ్రమ! నాకు మిగిలిన ముచ్చటే అదొక్కటి. పడ్డానంటే కొత్త ప్రశ్నలుంటాయనుకున్నా. ఉన్నాయి, కాదన్ను. కళ్ళు తిరిగాయా, తల తగిలిందా అని అడిగింది. మీ అమ్మ దాకా రానే లేదు."

"నాకు చెప్పుకోవచ్చుగా! నేను చచ్చానా?"

"నీకా?" అన్నారు ఆయన మెల్లగా. "మీ అమ్మ మాటెత్తితే చాలు, లేచి లోపలికి పోతావు. ఫోటో కూడా బీరువాలో పెట్టేశావు. నిన్నేడిపించడం ఎందుకని నేనూ నోరు కట్టేసుకున్నా."

చిట్టికీ తెలుసు. అందులో అబద్ధమేముంది? అమ్మ పోయినప్పటి నుంచీ ఆ మాట వింటే ఏడుపు ఆగదని లేచిపోయేది. తను తలవకపోతే నాన్న కూడా మరిచిపోతారని, అదే ఆయనకి మంచిదని అనుకుంది. అమ్మ కోసం ఇద్దరూ ఒకే ఇంట్లో అల్లాడిపోతూ, ఒకరికి తెలియకుండా ఒకరు దాచుకున్నారు. ఎంత పిచ్చిపని!

కళ్ళు తుడుచుకుని నర్సుకి ఫోన్ చేసి జరిగింది చెప్పింది.

"అయ్యో మేడమ్, అదా సంగతి!" అంది ఆ అమ్మాయి. "నాకూ తాతగారి కబుర్లంటే ఇష్టమే. అడిగిందే మళ్ళీ అడిగి పెద్దవాళ్ళని విసిగించొద్దని ట్రైనింగులో మీరే చెప్పారుగా!"

చిట్టికి చెంప ఛెళ్ళుమన్నట్టయింది. "చెప్పానమ్మా, నా బుద్ధి గడ్డి తిని చెప్పాను. రేపొకసారి వచ్చి మళ్ళీ చూడు. పడ్డారన్నది తప్పని రాస్తే కేంద్రంలో చేర్చే మాట ఉండదు. నీ పనయ్యాక ట్యాబ్ పక్కన పెట్టి కాసేపు కూర్చో."

ఫోన్ పెట్టేసి, ముక్కాలిపీట లాక్కుని తండ్రి ఎదురుగా కూర్చుంది.

"అమ్మ నీకెలా పరిచయం నాన్నా?"

"నీకు తెలుసుగా."

"ఫరవాలేదు, చెప్పు."

ఆయన అనుమానంగా చూశారు, ఎక్కడ లేచిపోతుందోనని. చిట్టి కదల్లేదు.

"ఆస్పత్రిలో లిఫ్టు ఆగిపోయిందని కబురొచ్చింది. మీ అమ్మది అప్పుడు అక్కడ బట్టలుతికే విభాగంలో పని. దుప్పట్ల బండితో సహా లోపల ఇరుక్కుపోయింది. నేను బయట బాగుచేస్తున్నంతసేపూ లోపల్నుంచి ఒకటే తిట్లు. ఇంతవరకూ నీకు తెలుసు."

"తెలుసు."

"తెలియంది ఒకటుంది. ఎవరికీ చెప్పలేదు." పెద్దాయన గొంతు తగ్గించారు. "లిఫ్టు ఎప్పుడో బాగైపోయింది. ఆ గొంతు ఇంకాసేపు విందామని నేనే తలుపు తియ్యలేదు."

"నాన్నా! ఎంత దొంగవి! అమ్మకి తెలుసా?"

"తెలియకేం? లిఫ్టు బాగవగానే లోపల ఫ్యాను తిరిగిందిగా! అయినా తిట్టడం ఆపలేదు మహాతల్లి."

చిట్టి పకపకా నవ్వింది. నవ్వుతూ నవ్వుతూనే ఏడుపొచ్చేసింది. ముఖం దాచుకోలేదు, లేచి పోలేదు.

"ఏమని తిట్టింది?" అంది వెక్కుతూ.

పెద్దాయన నిటారుగా కూర్చుని, గొంతు సవరించుకుని, సాగదీసి అందుకున్నారు. "ఏవయ్యా మెకానిక్కూ! ఉన్నావా, పోయావా? ఉంటే కాస్త పలకవయ్యా! ఒక్కదాన్నీ ఇక్కడ ఎంతసేపని ఎదురుచూడను?"

అచ్చం అమ్మ గొంతే. చిట్టి తండ్రి రెండు చేతులూ గట్టిగా పట్టుకుంది.

"ఇంకా? ఇంకా ఏమంది నాన్నా?"