అబూ ఘాయిబ్‌కు రెండు మంచాల గది

అమారా ఊళ్లో మావాళ్లు దిగే హోటల్లో మూడో అంతస్తు చివరి గది మంచిది కాదు. ఏసీ సరిగ్గా పనిచేసే గది అదొక్కటే. అయినా జూలై ఎండల్లో కూడా మా మెకానిక్కులు అది మాత్రం వద్దని బతిమాలేవాళ్లు. అక్కడ పడుకున్న ఒకడి బూట్లు తెల్లారేసరికి గుమ్మం బయట, మెట్లవైపు తిరిగి ఉన్నాయట... ఇంకొకడు రాత్రికి రాత్రే దిగొచ్చి వ్యానులో పడుకున్నాడు. దోమలే నయమన్నాడు.

మాది బస్రాలో జనరేటర్లు బాగుచేసే కంపెనీ. పనిమీద ఊళ్లు తిరిగేవాళ్లకి హోటల్ గదులు మాట్లాడిపెట్టేది సుహాద్. నా పక్క బల్లే ఆమెది. ఎవరు ఏ ఊరు పోతున్నారో, ఒక రోజు అదనంగా ఎందుకు అడుగుతున్నారో ఆమె ఇట్టే పసిగట్టేస్తుంది.

ఆమె మొగుడు ముహన్నద్ కూడా మా దగ్గర మెకానిక్కే. మా వైపు మగవాణ్ణి కొడుకు పేరుతో పిలుస్తారు — అబూ ఫలానా, అంటే ఫలానావాడి నాన్న. పిల్లలు లేనివాణ్ణి కూడా వదలరు. అబూ ఘాయిబ్ అంటారు — ఇంకా రానివాడి నాన్న. మర్యాదకే అంటారు. పెళ్లయిన నాటినుంచీ ఆ మర్యాదని మోస్తున్నాడు పాపం.

ఆ వేసవిలో అతను అమారాలో ఒక రోజు ఎక్కువ కావాలన్నాడు. పనికోసం కాదు. వాళ్లమ్మ అక్కడ రెండో పెళ్లికి పిల్లని చూసిపెట్టింది. ఊరు చేరిన మర్నాడు సాయంత్రం వెళ్లి మాటిచ్చి రావాలి. ఆఫీసులో అందరికీ తెలుసు, సుహాద్‌కి తప్ప. మేమెవరం నోరు విప్పలేదు. ఇప్పటికీ నాకు సిగ్గుగానే ఉంటుంది.

రాత్రి హోటల్లో తాళంచెవి చేతికొచ్చింది. మూడో అంతస్తు... చివరి గది.

తలుపు తీశాడు. పెద్ద మంచం. దాని పక్కనే — చిన్న మంచం. దుప్పటి మడత విప్పి ఉంది. కింద ఒక జత బుల్లి చెప్పులు.

కిందికి ఫోన్ చేశాడు. ఢాకా నుంచి వచ్చి కొత్తగా పనిలో చేరిన మునీర్ ఎత్తాడు.

"ఈ చిన్న మంచం ఎవరికి?"

"ఘాయిబ్ బాబుకి, ఉస్తాద్. అబూ ఘాయిబ్, ఘాయిబ్ — ఇద్దరికని చెప్పారుగా..." గొంతు తగ్గించి అడిగాడు. "బాబింకా రాలేదా?"

ముహన్నద్ ఫోన్ పెట్టేశాడు.

అప్పుడే కరెంటు పోయింది. హోటల్ జనరేటర్ మేం బాగుచేసిందే, కాబట్టి అందుకోవడానికి చాలాసేపు పట్టింది. ఆ చీకట్లో... చిన్న మంచం కిర్రుమంది.

"నాన్నా..."

లైట్లు వచ్చేసరికి మంచం మీద ఎవరూ లేరు. దుప్పటి నలగలేదు.

మర్నాడు అతను ఆ పిల్ల వాళ్లింటికి వెళ్లలేదు. పని ముగించుకుని, మసి చేతులతోనే తిన్నగా ఆఫీసుకొచ్చి సుహాద్ బల్ల ముందు నిలబడ్డాడు. ఆమె తలెత్తలేదు.

"ఒక రోజు ముందే వచ్చేశావే. గది నచ్చలేదా?"

"ఆ మంచం నువ్వే వేయించావు కదూ?"

"ఆ. చెప్పులు కూడా. మీ అమ్మ ఎవరెవరికి ఫోన్లు చేస్తోందో నాకు తెలీదనుకున్నావా? వెళ్లేవాడివి ఆ ఘాయిబ్‌ని కూడా తీసుకెళ్లి వాళ్లకి చూపిస్తావని. ఆ గదిలో భయపడి చావాలనే వేయించాను, పో."

"మరి ఆ మాటలు? పిల్లాణ్ణెవరినైనా దాచమన్నావా?"

ఆమె చేతిలో పెన్ను ఆగిపోయింది. నా చేతిలో టీ కూడా. ఎవరని అడుగుతుందనుకున్నాను. అడగలేదు.

"ఏమన్నాడు?" అంది మెల్లగా.

"రేపు వెళ్లేచోటికి అమ్మ కూడా వస్తుందా అన్నాడు."

"...నువ్వేమన్నావు?"

"ఎక్కడికీ వెళ్లడం లేదు, పడుకోరా అన్నాను."