చాకిరేవులో రెండు కర్బూజాలు

లా వెర్నాద్ ఊళ్ళో చాకిరేవు వైపు పొద్దుగూకాక ఎవరూ వెళ్ళరు.

పగలైతే భయపడేందుకేమీ లేదక్కడ. ఊరి పల్లంలో, చెట్ల నీడన, కొయ్య స్తంభాల మీద పలకరాతి కప్పు. కింద రాతితొట్టి. అందులోకి వచ్చిపడే ఊటనీళ్ళు. ఇంటింటికీ వాషింగ్ మెషీన్ వచ్చాక అక్కడ కప్పలే మిగిలాయి. ఆగస్టు సెలవులకి పారిస్ నుంచి వచ్చేవాళ్ళు మాత్రం ఆ నీళ్ళలో వైన్ సీసాలూ పళ్ళూ చల్లబరుచుకుంటారు.

పొద్దుగూకితే మాత్రం... ధప్... ధప్... అని చెక్కతో బట్టలు బాదే చప్పుడు వినిపిస్తుందంటారు.

ఎవరో ఆడమనిషి. ముసుగు తియ్యదు. తల ఎత్తదు. దారిన పోయేవాళ్ళని మాత్రం పిలుస్తుంది — "ఈ కొస పట్టుకో, పిండుదాం" అని. కాదనకూడదు. పట్టుకున్నాక ఆవిడ ఎటు తిప్పితే మనమూ అటే తిప్పాలి. అప్పుడు బట్ట మెలిపడదు, చుక్క కారదు, చివరికి ఆవిడే విసిగి వదిలేస్తుంది. మర్చిపోయి ఎదురు తిప్పామా... బట్టతో పాటు మన చేతులూ మెలిపడిపోతాయి.

పక్కింటి జెర్మేన్ ఏటా ఈ కథ చెబుతుంది. ఆవిడకి తొంభై నిండాయి. ఏటా ఒదీల్ దాన్ని వెక్కిరిస్తుంది. ఒదీల్‌కి డెబ్భై నాలుగు. లిమోజ్‌లో ముప్ఫై ఎనిమిదేళ్ళు పిల్లలకి లెక్కలు చెప్పిన మనిషి.

"దెయ్యానికి సబ్బెవరు కొనిపెడుతున్నారు జెర్మేన్?" అంటుంది. "మీ అమ్మమ్మ కాలం నుంచీ ఉతుకుతోందన్నావు. ఇంకా ఆ దుప్పటి తెల్లబడలేదా? మహా పనిమంతురాలే!"

"నవ్వు, నవ్వు," అంటుంది జెర్మేన్. "మీ అమ్మ నవ్వేది కాదు."

ఆ ఇల్లు ఒదీల్ తల్లిది. ఏడాదిలో పది నెలలు మూసే ఉంటుంది. జూలైలో ఒదీల్ వచ్చి కిటికీ తలుపులు తెరుస్తుంది. ఆగస్టు రాగానే కూతురు సెవరీన్, అల్లుడు ఫబ్రీస్, ఇద్దరు పిల్లలూ దిగుతారు. రెండు వారాలయ్యాక పెద్దవాళ్ళు ఉద్యోగాలకి వెళ్ళిపోతారు. బడి తెరిచేదాకా మిగిలిన రెండు వారాలూ పిల్లలు అమ్మమ్మ దగ్గరే. టీవీ లేదు, ముళ్ళపొదల్లో నల్లపళ్ళు కోసుకుంటూ తిరగడమే. ఏడాదంతా ఒదీల్ ఆ రెండు వారాల కోసమే బతుకుతుంది.

ఈ ఏడు ఆ రెండు వారాలకే ముప్పొచ్చింది.

ఫ్రిజ్ తలుపు మీద ఒక కాగితం వెలిసింది. పైన ఫబ్రీస్ గుండ్రటి అక్షరాలు: 'అత్తయ్య మర్చిపోయినవి.' ఒకటి, గ్యాస్ కట్టెయ్యలేదు. రెండు, వీధి తలుపుకి తాళం వెయ్యలేదు. మూడు, మనవరాలు లిజ్‌ని సెవరీన్ అని పిలిచింది. అలా ఎనిమిదిదాకా.

"డాక్టరుకి చూపించడానికి అత్తయ్యా, మీ మంచికే," అన్నాడు ఫబ్రీస్. "పది నిండితే మాత్రం పిల్లల్ని మాతో తీసుకెళ్ళిపోదామనుకుంటున్నాం."

అనేవాడెవరు? వాన పడుతుందా అని ఫోన్‌ని అడిగి, పడదంటే నమ్మి, బయటికెళ్ళి తడిసొచ్చే మనిషి. ఎద్దుని చూసి పాలెన్ని లీటర్లిస్తుందని అడిగిన మనిషి. బిగుతు లాగులు తొడుక్కుని సైకిలెక్కి, మొదటి మిట్ట దగ్గరే దిగి తోసుకుంటూ వెళ్ళే మనిషి! అతను ఒదీల్ బుర్రకి మార్కులు వేస్తాడట.

ఆదివారం సాయంత్రం ఒదీల్ కిటికీ మూస్తుంటే చప్పుడు వినిపించింది. పల్లంలోంచి. ధప్... ధప్...

చాలాసేపు నిలబడి విన్నది. పొద్దున కాఫీ దగ్గర అడగకూడదనుకుంటూనే అడిగేసింది — "రాత్రి చాకిరేవు వైపు ఏమన్నా చప్పుడైందా?"

"లేదే అమ్మా," అంది సెవరీన్.

ఫబ్రీస్ లేచి పెన్ను తీశాడు. తొమ్మిది: లేని చప్పుళ్ళు వినిపిస్తున్నాయి.

"అది మర్చిపోవడం ఎలా అవుతుంది నాయనా? శీర్షిక ఒకటి పెట్టి లోపల ఇంకోటి రాస్తే నా క్లాసులో సున్నా వేసేదాన్ని."

పైకి అలా అనేసింది. మంచమెక్కాక మాత్రం నవ్వు రాలేదు. చప్పుడు ఉందంటే దెయ్యం ఉన్నట్టు. దెయ్యాలు లేవు. కాబట్టి చప్పుడూ లేదు. మరి విన్నదెక్కడ? తన తలలోనే. లెక్క ఎటు నుంచి చేసినా అదే జవాబు వస్తోంది.

పద్నాలుగో తారీఖు వచ్చింది. తెల్లవారితే మేరీమాత పండగ. చుట్టాలందరికీ ఆ ఇంట్లోనే భోజనం. తల్లి చేత్తో కుట్టుపూలు కుట్టిన నారబట్ట ఏడాదికి ఆ ఒక్కరోజే భోజనాల బల్ల ఎక్కుతుంది. పొద్దున్నే ఒదీల్ దాన్ని బీరువాలోంచి తీసి, చేత్తోనే ఉతకాలని ఇంటిల్లిపాదికీ చెప్పింది. తర్వాత రెండు కర్బూజాలు తీసుకెళ్ళి చాకిరేవులో చల్లటి నీళ్ళలో పెట్టొచ్చింది.

పెట్టి... మర్చిపోయింది.

రాత్రి భోజనాల దగ్గర ఫబ్రీస్ అన్నాడు, "కర్బూజాలేవి అత్తయ్యా? ఫ్రిజ్‌లో లేవే!"

పెన్ను ఫ్రిజ్ మీదే ఉంది.

"నేలమాళిగలో," అంది ఒదీల్, కళ్ళెత్తకుండా. అబద్ధమాడే పిల్లల్ని ముప్ఫై ఎనిమిదేళ్ళు గోడకి నిలబెట్టిన మనిషి!

భోజనాలయ్యాయి. సెవరీన్ పిల్లల్ని పడుకోబెట్టడానికి మేడెక్కింది. ఫబ్రీస్ స్నానమన్నాడు. ఒదీల్ బుట్ట పుచ్చుకుని పెరటి తలుపులోంచి బయటపడింది.

చర్చి గడియారం మోగింది. ఎన్ని కొట్టిందో లెక్క తప్పిపోయింది. ఫరవాలేదు, ఆ వైపు పల్లెల్లో గడియారం రెండు నిమిషాలాగి మళ్ళీ అదే గంట కొడుతుంది, మొదటిసారి వినని వాళ్ళ కోసం. ఒదీల్ దారిలోనే ఆగి రెండోసారి లెక్కపెట్టుకుంది. పది. ఆ ఇంట్లో మనుషుల కంటే ఈ ఇనప ముక్కకే దయ ఎక్కువనుకుంది.

పశ్చిమాన ఇంకా కాస్త వెలుతురుంది. చెట్ల కింద మాత్రం లేదు.

సగం దారిలో...

ధప్...

ధప్... ధప్...

ఒదీల్ కాళ్ళు ఆగిపోయాయి. "ఏడెనిమిదులు యాభైయారు," అంది పైకే. "ఏడు తొమ్మిదులు అరవైమూడు." బుర్ర బాగానే పనిచేస్తోంది. చప్పుడు ఆగింది.

వెనక్కి వెళితే పదో నంబరు. ముందుకే నడిచింది.

కప్పు కింద... తెల్లగా ఏదో ఉంది. తొట్టి మీదికి వంగి ఉంది. తల మీంచి ముసుగు. చేతుల్లో పొడుగాటి తడిబట్ట...

అడుగుల చప్పుడుకి అది తిరగలేదు. బట్ట కొస ఒకటి వెనక్కి చాచింది. గుసగుసగా అంది—

"వచ్చావా? ఈ కొస పట్టుకో... మీ అమ్మకి మాత్రం చెప్పకు."

ఒదీల్ తల్లి పోయి ఇరవై ఆరేళ్ళయింది.

చేతికి తగిలిన తడికొస మీద కుట్టుపూల గరుకు. ఆ పూలు తెలుసు. ఆ సూది తెలుసు. డెబ్భై ఏళ్ళ కింద విన్నది చేతులకి గుర్తుంది. ముసుగు కుడికి తిప్పింది. ఒదీల్ చేతులూ అటే తిరిగాయి. ముసుగు మళ్ళీ తిప్పింది. ఒదీల్ మళ్ళీ అటే. బట్ట తాడాటలో తాడులా గిరగిరా తిరిగింది తప్ప ఒక్క మెలిక పడలేదు...

"అబ్బా, పిండమంటే ఊపుతావేంటి!" ముసుగు విసుక్కుంది. "అటు తిప్పు, అటు! చుక్క కారి చావట్లేదు!"

ఆ విసుగు ఒదీల్‌కి బాగా తెలుసు.

"...ఫబ్రీస్?"

ముసుగు జారింది. స్నానం చేసి తొడుక్కునే తెల్ల అంగీ, దాని టోపీలోంచి బయటపడ్డ అల్లుడి మొహం.

"అత్తయ్యా! నేను... సెవరీన్ అనుకున్నా. రమ్మని మెసేజ్ పెట్టాను."

ఒదీల్ బట్టని వెలుతురు వైపు పట్టి చూసింది. తల్లి చేతి నారబట్ట గులాబీరంగులో ఉంది.

"మెషీన్లో వేశావా?"

"నా ఎర్ర సైకిల్ లాగుతో... కలిసిపోయింది."

"చేత్తో ఉతకాలని పొద్దున ఎన్నిసార్లు చెప్పాను?"

"మూడు."

"మరి?"

"మర్చిపోయాను."

ఎక్కడో కప్ప బెకబెకలాడి ఊరుకుంది.

"ఏమన్నావు నాయనా? ముసలిదాన్ని, సరిగ్గా వినపడలేదు."

"మర్చిపోయానత్తయ్యా!"

"అయ్యో, పెన్ను తెచ్చుకోలేదే నేను," అంది ఒదీల్. ఈ సెలవుల్లో ఇంత హాయి ఆమెకి ఎప్పుడూ కలగలేదు. "పైగా సబ్బు నురగలో కూర్చుని దొంగతనంగా ఉతుకుడు! దెయ్యమే నయం, దాని పని అది చేసుకుంటోంది."

ఫబ్రీస్ బేరానికి దిగాడు. కాగితం చింపేస్తాడట. పిల్లలు అమ్మమ్మ దగ్గరే ఉంటారట. బట్ట సంగతి మాత్రం రేపు చుట్టాల ముందు తన పేరు రాకుండా చూడాలట.

"సరే. ముందు ఆ తొమ్మిదోది కొట్టెయ్. లేని చప్పుళ్ళట! ఆదివారం కూడా నువ్వే ఇక్కడ కూర్చుని బాదుతూ..."

"ఆదివారమా? ఇది పాడైందే ఇవాళ మధ్యాహ్నం కదా అత్తయ్యా."

"పోనీ, ఇందాక బాదింది నువ్వే కదా? నేను వింటూనే వచ్చాను."

"నేనా?" ఫబ్రీస్ రెండు చేతులూ చూపించాడు. "దేంతో బాదను? నా దగ్గరున్నదల్లా ఈ సబ్బుముక్క. రుద్దానంతే."

ఆ తర్వాత అతను ఆమెని చూసిన చూపు... అదీ ఆమెకి తెలుసు. గ్యాస్ కట్టెయ్యని రోజు చూశాడలా. జాలిగా, మెల్లగా, పెన్ను కోసం వెతుక్కుంటున్నట్టు. ఇవాళ కాగితం చింపుతాడు. రేపు ఇంకోటి మొదలుపెడతాడు.

ఒదీల్ చేతిలోని బట్టని రాతి మీద దించేసింది. అయితే నిజంగానే... తన తలలోనేనా?

ధప్.

తొట్టికి అవతల, చెట్ల చీకట్లోంచి.

ఒదీల్ అటు చూడలేదు. అల్లుడి మొహంలోకే చూసింది, ఇక ప్రాణమంతా ఆ మొహంలోనే ఉన్నట్టు.

ధప్... ధప్...

చర్చి గడియారంలాగే, మొదటిసారి వినని వాళ్ళ కోసం.

ఫబ్రీస్ నోరు తెరుచుకుంది. చేతిలోంచి సబ్బు జారి నీళ్ళలో పడింది.

"అత్తయ్యా... అది... మీరు విన్నారా?"

ఒదీల్ గుండె మీంచి రాయి దొర్లిపోయింది. దెయ్యం ఉంది! దేవుడి దయవల్ల, దెయ్యం ఉంది!

"ఏది?" అంది. "నాకేం వినిపించలేదే. ఏంటి అల్లుడుగారూ, లేని చప్పుళ్ళు వినిపిస్తున్నాయా?"

ఫబ్రీస్ జవాబు చెప్పడానికి అక్కడ లేడు. తెల్ల అంగీ రెపరెపలాడుతూ గట్టెక్కి పోతోంది. ఒక చెప్పు రేవులోనే ఉండిపోయింది.

ఒదీల్ వంగి నీళ్ళలోంచి కర్బూజాలు తీసింది. మంచులా ఉన్నాయి. బుట్టలో పెట్టుకుని, రాతి మీద పడున్న బట్ట కొస అందుకుంది.

రెండో కొస... దానంతట అదే లేచింది.

ఒదీల్ బుట్ట కింద పెట్టింది.

"కుడికా," అంది, "ఎడమకా?"

మర్నాడు మధ్యాహ్నం పదకొండుమంది భోజనానికి కూర్చున్నారు. ఫ్రిజ్ తలుపు ఖాళీగా ఉంది. ఫబ్రీస్ పక్షిలా తిన్నాడు, ఎవరు గిన్నె పెట్టిన చప్పుడైనా ఉలిక్కిపడ్డాడు. బల్ల మీది నారబట్ట కొత్త పెళ్ళికూతురి ముసుగంత తెల్లగా ఉంది.

"ఎవరు ఉతికారే దీన్ని?" అంది జెర్మేన్, కర్బూజా ముక్క నోట్లో పెట్టుకుంటూ.

"ఉందిలే ఒకావిడ. మహా పనిమంతురాలు," అంది ఒదీల్. ఈసారి వెక్కిరింపు లేదు అందులో.

జెర్మేన్ నవ్వబోయి బల్ల మీద అరచెయ్యి ఆనించింది. వెంటనే తీసేసింది. పొద్దుటి నుంచీ ఎండలో ఆరేసిన బట్ట... ఇంకా తడితడిగానే ఉంది.

ముసలావిడ తల వంచి, ఎవరికీ వినపడకుండా అడిగింది. "పిండలేదా?"

"పిండాం," అంది ఒదీల్. "ఇద్దరం ఒకవైపుకే తిప్పాం."