ఎర్రబడని దూది

పొద్దున్న ఏడున్నరకు మేల్ వార్డు ఆరో మంచం మీద జోగ చనిపోయి ఉన్నాడు.

ముఖం మీద మాస్క్ అలాగే ఉంది. ఆక్సిజన్ వస్తూనే ఉంది. పీల్చే మనిషి లేడు.

సీనియర్ నర్సు రత్నం అతని గోళ్ళు చూసింది. నేరేడు పండు రంగు. కాళ్ళు ముట్టుకుంది. మోకాళ్ళ దాకా చల్లబడ్డాయి. ఇది ఒక్క నిమిషంలో వచ్చిన చావు కాదు.

ఆమెది క్రిటికల్ కేర్ అవుట్‌రీచ్ డ్యూటీ. వార్డు వార్డూ తిరిగి, ఎవరి ఊపిరి జారిపోబోతోందో ముందే పట్టుకుని ఐసీయూకో, జగదల్‌పూర్ పెద్దాసుపత్రికో పంపడం ఆమె పని. ఆక్సిజన్ నంబరు పడితే వార్డు నుంచి పిలుపు వస్తుంది. జోగ కోసం పిలుపు రాలేదు.

కిటికీ బయట వాన. ఇనుప గనుల కొండ మీంచి నీళ్ళు ఎర్రగా దిగుతున్నాయి.

గేటు దగ్గర కాంట్రాక్టరు మనుషులు గుమిగూడారు. రాత్రి డ్యూటీ నర్సు దేవుడమ్మ ఆక్సిజన్ కట్టేసి పడుకుందని, ఆమెను అరెస్టు చేయాలని వాళ్ళ పట్టు. ఫిర్యాదు ఇచ్చినవాడు కాంట్రాక్టరు దగ్గర కూలీల లెక్కలు చూసే మున్షీ నీలకంఠం. ఇంటి చూరు మీంచి పడ్డాడని చెప్పి జోగను ఆసుపత్రిలో చేర్చిందీ అతనే.

పోలీసు ఇన్‌స్పెక్టరు, టీఐ నేతామ్, చాలా కాలం తెలుగు సరిహద్దులోని కోంటా ఠాణాలో చేసినవాడు. తెలుగు వచ్చు. దేవుడమ్మను జీపు ఎక్కించమన్నాడు.

“నాను ముట్టుకోనేదక్కా,” అంది దేవుడమ్మ. “టేబుల్ దగ్గిర స్క్రీన్ మీద తొంభై ఏడు సూపిత్తంది. తెల్లార్లూ అదే.”

రత్నం జీపుకు అడ్డం వెళ్ళలేదు. టీఐని మంచం దగ్గరకు రమ్మంది.

“ఆక్సిజన్ కట్టేస్తే ఏమవుతుంది సిస్టర్?”

“నంబరు పడిపోతుంది. అలారం మోగుతుంది.”

“మోగిందా?”

“మోగింది. మనిషి పోయాక.”

“మెషిన్ చెడిపోయిందా?”

నంబరు చదవడానికి వేలికి పెట్టే క్లిప్పు దుప్పటి మీద పడి ఉంది. ఊడి పడిందని అందరూ అనుకున్నారు. రత్నం స్పిరిట్‌లో దూది ముంచి క్లిప్పు లోపల తుడిచింది. దూదిని వెలుతురులో పెట్టి చూసింది. ముక్కు దగ్గర పెట్టుకుంది.

తర్వాత ఆ క్లిప్పు తన వేలికి పెట్టుకుంది. స్క్రీన్ మీద తొంభై ఎనిమిది.

“మెషిన్ బాగానే ఉంది. మున్షీని పిలవండి. దేవుడమ్మనూ.”

జోగ భార్య మాసే అప్పటికే అక్కడ ఉంది. మంచం పక్కన నేల మీద, గోడకు ఆనుకుని, మోకాళ్ళ మధ్య చేతులు దాచుకుని కూర్చుంది. ఏడవడం లేదు. నీలకంఠం వచ్చి కాళ్ళ వైపు నిలబడ్డాడు. టీఐ అతన్ని నిలదీసి అడిగాడు.

“రాత్రి ఇక్కడికి ఎందుకొచ్చావ్?”

“టీ తెచ్చేను సార్.”

“క్లిప్పు ముట్టుకున్నావా?”

“అవన్నీ నాకేటి తెలుసు సార్?”

రత్నం కొత్త దూది తీసింది. శవం చెయ్యి పట్టుకుని చూపుడు వేలు గట్టిగా తుడిచింది. దూది ఇటుక రంగుకు తిరిగింది.

“గనిలో పనిచేసే వాళ్ళ చర్మంలోంచి ఈ ఎరుపు ఎన్నిసార్లు కడిగినా పోదు. చెమట పట్టిన కొద్దీ వస్తూనే ఉంటుంది. వాళ్ళలో ఎవరి వేలినుంచి తీసినా క్లిప్పు ఎర్రగానే ఉంటుంది. నిన్న రాత్రి వెళ్ళేముందు నేనే శుభ్రం చేసి ఇతనికి పెట్టాను. రాత్రంతా ఇతని వేలికే ఉంటే ఈ దూది ఎర్రబడాలి.”

క్లిప్పు తుడిచిన మొదటి దూది టీఐ చేతిలో పెట్టింది. ఎరుపు లేదు. జిడ్డు ఉంది.

టీఐ వాసన చూశాడు. “ఇప్ప నూనె.”

మాసే జుట్టు నూనెతో నిగనిగలాడుతోంది. అందరూ ఆమె వైపు చూశారు. ఆమె మున్షీ వైపు చూసింది.

“భయపడకు. ఇలా చేయమని ఎవరు చెప్పారు?” అంది రత్నం.

“మున్షీ సెప్పిండు,” అంది మాసే. “నంబరు తగ్గితె జగదల్‌పూర్ తోల్కపోతరు, ఆడికి పోయినోళ్లు మళ్ల రారు అన్నడు. నీ యేలికి పెట్టుకొని దుప్పట్ల దాసుకో, నర్సు లేస్తె ఆయనకు పెట్టు అన్నడు. పొద్దుగాల ఆయన ఉలకలె. నా యేలిది తీసేసిన.”

“అబద్ధం సార్. అడవి మనిషి...”

“నోరు ముయ్,” అన్నాడు టీఐ.

నంబరు తగ్గితే జగదల్‌పూర్ అని తాను నిన్న అన్నప్పుడు మున్షీ పక్కనే ఉన్నాడని రత్నం చెప్పింది. ఏళ్ళ తరబడి కూలీలను చేర్పిస్తున్నవాడు. ఏ నంబరుకు అంబులెన్స్ కదులుతుందో అతనికి తెలుసు. అక్కడికి వెళితే జోగ వాంగ్మూలం పోలీసులు తీసుకుంటారనీ తెలుసు.

“చూరు మీంచి పడ్డవాడి ముక్కులో ఖనిజం పొడి ఉండదు టీఐ గారూ. నేనే తీశాను. ముద్దలు. మత్తులో ఒకటే పేరు పిలిచాడు. భీమా.”

మాసే తలెత్తింది. “భీమా నా తమ్ముడు. ఈయన ఎంబడే పనికొచ్చిండు. మిరప కోతలకు భద్రాచలం దిక్కు పోయిండని మున్షీ సెప్పిండు.”

“ఈ వానల్లో మిరప కోతలేంది?” అన్నాడు టీఐ.

నీలకంఠం తలుపు వైపు జరిగాడు. కానిస్టేబుల్ అప్పటికే అక్కడ నిలబడి ఉన్నాడు.

“ఏ దిబ్బ కూలింది?” అని టీఐ అడిగాడు. రెండోసారి అడగాల్సి వచ్చింది. మూడోసారి అవసరం లేకపోయింది. లోడింగ్ దగ్గరి పొడి దిబ్బ. మూడు రోజులైంది. జోగను బయటికి లాగారు, భీమాను వదిలేశారు.

దేవుడమ్మ రత్నం చెయ్యి పట్టుకోబోయింది. రత్నం వెనక్కి తీసుకుంది.

“చంపలేదని చూపించాను. తప్పు లేదు అనలేదు. తెల్లార్లూ స్క్రీన్ చూశావు. మనిషిని చూడలేదు.”

మున్షీని ఎక్కించుకుని జీపు కొండ వైపు వెళ్ళింది. వార్డులో మాసే లేచి నిలబడింది. తన చూపుడు వేలు చూసుకుంది.

“నా యేలేనా సంపింది, అక్కా?”

“వేలు నీది. మాట వాడిది.”

మాసే ఆ వేలిని కొంగుతో తుడుచుకుంది.

“భీమాను తవ్వి తీస్తరా?”

“తీస్తారు.”

“ఆని యేలికి గూడ ఆ క్లిప్పు పెట్టి సూడు. ఈసారి నేను ముట్టుకోను.”